భక్తి ఇంట్లో పెరిగి స్టాండప్ చేస్తున్నవాళ్ళు ఉన్నారా ఇక్కడ? (అమ్మ ఇంకా చూడలేదు)

కొండవీటి_చాంతాడు (చర్చ మొదలుపెట్టినవారు)

పేరుకి తగ్గట్టే పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా.

మాది పల్నాడు వైపు పల్లెటూరు. అమ్మ పెంతెకొస్తు. నాన్న అమ్మ మాట దాటడు కాబట్టి నాన్నా పెంతెకొస్తే. ఇంట్లో టీవీ లేదు, సినిమా లేదు, అమ్మకి బొట్టూ నగలూ లేవు. శుక్రవారం ఉపవాస కూడిక. ఆదివారం పొద్దున వెళ్తే ఎండ నెత్తి మీదికెక్కి మళ్ళీ దిగేదాకా వదిలేవాళ్ళు కాదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. చర్చి మానేసి చాలా కాలమైంది. దేవుడు లేడని వాదించే రకాన్ని కాదు. రాత్రి కరెంటు పోతే మాత్రం 23వ కీర్తన దానంతటదే నోట్లోకొచ్చేస్తుంది.

సాయంత్రాలు ఓపెన్ మైకులకి (ఎవరైనా స్టేజి ఎక్కి జోకులు చెప్పి చూసుకునే చోట్లు) పోతున్నా. ఆఫీసు, ట్రాఫిక్, పెళ్ళిచూపులు... ఏం రాసినా చప్పగా పోయేది. ఓసారి చర్చిలో సాక్ష్యం చెప్పడం గురించి ఎత్తుకున్నా. సుమారుగా ఇదీ బిట్:

"మా చర్చిలో ప్రతివారం సాక్ష్యాలు. ఒకాయన లేచి 'పదిహేనేళ్ళు తాగుబోతుని, ప్రభువు మార్చాడు' అంటాడు. ఇంకొకావిడ 'తాచుపాము కరిచింది, ప్రార్థన చేశాం, పాము చచ్చింది' అంటుంది. నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ వెనక నుంచి మోచేత్తో పొడుస్తోంది. లేచి చెప్పా: 'నాకు జలుబు చేసింది. తగ్గింది.' అంతా స్తోత్రం అన్నారు గానీ, పాముకి చెప్పినంత గట్టిగా చెప్పలేదు. అప్పుడర్థమైంది, నా దగ్గర సరుకు లేదు. సాక్ష్యం బాగుండాలంటే ముందు పాపం బాగుండాలి. శనివారం మధ్యాహ్నం సంఘపెద్దగారి దొడ్లో జామకాయలు దొంగతనం చేశా. ఆకలేసి కాదు, ఆదివారం కోసం."

నవ్వారు. బాగా నవ్వారు. ఇంటికొచ్చి పడుకుంటే చాలా ఏళ్ళ తర్వాత చర్చి గుర్తొచ్చినా కడుపులో ముడిపడలేదు.

ఇప్పుడు పేచీ ఏంటంటే, నిర్వాహకులు ఆ ముక్క రీల్‌గా పెట్టారు. మా పిన్ని కూతురు చూసి "అన్నా, పెద్దమ్మ చూస్తే?" అని మెసేజ్ చేసింది. నేను అడిగేది రెండు. ఇలా చెప్పుకుంటే నిజంగా లోపలిది తగ్గుతుందా, లేక పాత పుండుకి టికెట్ పెట్టి చూపిస్తున్నామా? ఇంకోటి, వేరే మతాల ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఇది ఎలా చేస్తున్నారు?

అప్రస్తుత_ప్రసంగి

నాయనా, దేవుడితో పరాచికాలు నిన్నా మొన్నా మైకుతో పాటు వచ్చినవి కావు. శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం పొడుగునా ఆట పట్టించాడు. భూదేవి భార్య కాబట్టి నీకు లోకాన్ని మోసేవాడన్న పేరొచ్చింది, లక్ష్మీదేవి భార్య కాబట్టి కోరిందిస్తావన్న పేరొచ్చింది, నీ సొంత గొప్ప ఏముందయ్యా అన్నాడు. భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాల్లో కూర్చుని సీతమ్మకి చేయించిన చింతాకు పతకం ఖర్చుతో సహా రాముడికి లెక్క అప్పజెప్పాడు. కూచిపూడివారి గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి యజ్ఞం గురించి ప్రశ్నలడిగి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. బుర్రకథలో ఇద్దరు వంతల్లో ఒకడి పనే హాస్యం. అష్టావధానంలో నా పేరుగలాయన పనీ అదే. మన దగ్గర దేవుడు జోకులకి అలవాటుపడ్డవాడే. దిగులుపడకు.

అటకమీద_ఆవకాయ

బాబాయిగారూ, రామదాసు తిట్టాక ఏం చేశాడో కూడా చెప్పండి. దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టానులే, ఏమీ అనుకోకని సర్దిచెప్పుకున్నాడు. నిందాస్తుతి ఎటు తిరిగినా చివరికి గుళ్ళోకే వస్తుంది. మాకు ఆ చివర దగ్గరే పేచీ.

మాది గోదావరి జిల్లా, మడీ ఆచారం గట్టిగా ఉన్న ఇల్లు. ఇంట్లో ఎవరైనా మూల కూర్చుంటే పిల్లలకి "కాకి ముట్టింది" అని చెప్పేవారు కదండీ. నా బిట్ అదే. అమ్మకి కాకి ముడితే మూడు రోజులు వంట లేదు, అంట్లు లేవు, చేతిలో వారపత్రిక. ఎనిమిదేళ్ళ నాకు అంతకంటే స్వర్గం కనపళ్ళేదు. అందుకని డాబా మీదికెక్కి రెండు చేతులూ చాపి, అన్నం మెతుకులు తలమీద పెట్టుకుని కాకి కోసం నిలబడేదాన్ని. "మా ఊరి కాకులకి ఎంత మర్యాదో, ఒక్క మగాణ్ణీ ముట్టుకునేవి కావు" అని ముగించేదాన్ని.

ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. మగవాళ్ళు ఫోన్లు చూసుకునేవారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత భాగం నా పన్నెండో ఏడు. కాకి నిజంగానే ముట్టింది. విడి కంచం, విడి చాప, ఆవకాయ జాడీ వైపు చూడకూడదు. అది కూడా జోకుగానే రాశాను. రాసిన ప్రతిసారీ అబద్ధంలా వచ్చింది. డాబా మీద పిల్ల వరకే నవ్వుంది, చాప మీద పిల్ల దగ్గర లేదు. ఆ బిట్ సగంలో ఆపేశాను. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: కొంతవరకు తగ్గుతుంది. ఎంతవరకో మనం నిర్ణయించేది కాదు.

కమాన్‌కాడ_కలుద్దాం

మా అమ్మమ్మకు పోచమ్మ పూనేది. మామూలు దినాలల్ల తాత ముంగట నోరెత్తకపోయేది. అమ్మ మీదికొచ్చినంక మాత్రం "నువ్వు తాగి నా బిడ్డను కొడ్తున్నవ్‌రా" అని తాతనే నిలదీసేది. తాత చేతులు కట్టుకొని "తప్పైంది తల్లీ" అనేటోడు. ఊరంత చూస్తుండె. నాకు తెల్సి మా ఊర్ల మొదటి స్టాండప్ అదే. మైకు లేదు, యాపకొమ్మ ఉండె.

దీన్ని స్టేజి మీద చెప్పుమంటె చెప్తలేను. సిటీల చెప్తె పూనకానికి నవ్వుతరు, తాతకు నవ్వరు.

లైటు_పడింది_దిగు

పైనాయన చివరి వాక్యం చాలు, ఈ చర్చ మూసేయొచ్చు. కానీ నాకు వాగుడెక్కువ.

నేను చాలాకాలంగా మైకులు నడుపుతున్నా, కాబట్టి పని సంగతి చెప్తా. చాంతాడు, నీ రికార్డింగ్ మళ్ళీ విను. నవ్వు ఎక్కడ పడుతోందో చూడు. నేను నీ రీల్ చూశా. "మా చర్చిలో ప్రతివారం సాక్ష్యాలు" అని నువ్వు ఆ గొంతు పెట్టగానే నవ్వారు. అక్కడ జోకు లేదు. ఇంకా ఏమీ చెప్పలేదు నువ్వు. మాదాపూర్‌లో కాఫీ తాగుతూ కూర్చున్నవాళ్ళు పల్లెటూరి పాస్టరు యాసకి నవ్వారు. ఆ నవ్వు నీ సంపాదన కాదు, వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నది. జామకాయల దగ్గర వచ్చింది చూడు, అదీ నీది.

ముందొచ్చే నవ్వుని చంపెయ్. ఎలాగంటే యాస తీసెయ్. చర్చివాళ్ళని మామూలు గొంతుతో చెప్పు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి మాత్రం ఆత్రం పెట్టు. తెలివితక్కువతనం ఉంటే వాడి దగ్గరే ఉండాలి, పాము కరిచినావిడ దగ్గర ఉండకూడదు. మతం మీద బిట్లు రాసే కుర్రాళ్ళు నూటికి తొంభైమంది ఇప్పటి తెలివితో అప్పటివాళ్ళని వెక్కిరిస్తారు. అది చూడ్డానికి తీర్పులా ఉంటుంది. అప్పటి పిల్లాడు ఎంత గట్టిగా నమ్మాడో చూపిస్తే పని దానంతటదే అవుతుంది.

రీల్ సంగతి వేరే. హాల్లో వందమందికి నీ మొహం కనబడుతుంది. రీల్‌లో నలభై సెకన్లు కనబడతాయి, అంతే. మతం ఉన్న ఏ బిట్టూ రీల్‌గా పెట్టొద్దని నిర్వాహకులకి ముందే చెప్పే హక్కు నీకుంది.

దైవజనుడి_కొడుకు

ప్రభువు నామంలో వందనాలు. నేను విశ్వాసిని, ఒంగోలు దగ్గర పాస్టరుగారి అబ్బాయిని. తిట్టడానికి రాలేదు. మీ జామకాయల బిట్‌కి నేనూ నవ్వాను, ఎందుకంటే నేనూ దొంగ సాక్ష్యం చెప్పాను. నాది సైకిల్ ప్రమాదం.

కానీ ఒక మాట. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ క్లౌ దొరగారి కాలం. ఎక్కువమంది మాదిగవాళ్ళు, కరువులో ఉన్నవాళ్ళు. మా ఇంట్లో ఆ లైన్లో మా పెద్దలు నిలబడ్డారని చెప్పుకుంటారు. మా నాయనమ్మని "ఏమే" అనకుండా "గారు" అని పిలవడం మొదట విన్నది చర్చిలోనే అట. ఊళ్ళో ఏ పంచాయితీలోనూ నోరెత్తనివ్వని మనిషిని లేపి, చేతికి మైకిచ్చి, నీ కథ చెప్పమ్మా అన్నది ఒక్క చోటే. మీరు నవ్వుతున్నారే, ఆ సాక్ష్యం అదే. పాము కరిచిన కథ మీకు తమాషాగా ఉండొచ్చు. ఆ నిమిషం ఆవిడ మాటని యాభైమంది నిశ్శబ్దంగా విన్నారు.

ఇప్పుడు మీరు దాన్ని పట్టుకెళ్ళి, ఆవిణ్ణి ఎప్పుడూ వినని వాళ్ళ మధ్యలో పెట్టి నవ్విస్తున్నారు. ఆ హాల్లో మనవాళ్ళు ఎంతమంది ఉంటారు? మీకు బాధ లేదని అనను. దండన భయంతో పెరిగిన పిల్లల్ని నేను రోజూ చూస్తాను. అయితే మీ ఇంటి గొడవ బయటికెళ్తే అది మీ ఒక్కరి ఇంటిది కాదు.

కొండవీటి_చాంతాడు

అన్నా వందనాలు. మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. మీరు చెప్పింది నాకు తెలియంది కాదు. మా ఇంటికీ రెండు పేర్లు. బళ్ళో ఒకటి, చర్చిలో ఒకటి. ఎందుకో మీకు తెలుసు.

దాని మీద నా దగ్గర ఒక బిట్ ఉంది: "ప్రభువు తిరిగొచ్చే రాకడ రోజు ఏ పేరుతో పిలుస్తాడు? చర్చి పేరుతో పిలిస్తే సర్టిఫికెట్ ఉన్నవాడు ఆగిపోతాడు." రాసుకున్నదాంట్లో నాకు బాగా నచ్చింది అదే. ఎక్కడా చెప్పలేదు. చెప్పను కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, ఆ తర్వాత సిక్కు, బౌద్ధ మతాలవాళ్ళకి తప్ప ఎస్సీ హోదా లేదు. ఆంధ్రలో క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు కాగితం మీద బీసీ-సి. ఆ ఒక్క గీత మీద ఎన్ని ఇళ్ళ చదువులు ఆధారపడి ఉన్నాయో! నా నవ్వు కోసం ఎవడో ఎవరి సర్టిఫికెట్ మీదో అర్జీ పెట్టే పరిస్థితి నేను తీసుకురాను.

కానీ అన్నా, భయం సంగతి కూడా వినండి. నేను ఆరో తరగతి. ట్యూషన్ నుంచి ఇంటికొస్తే తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గడప దగ్గర అమ్మ చెప్పులు. దండెం మీద అమ్మ చీర. మనుషులు లేరు. ఆ వారమే ప్రసంగం: రాకడలో విశ్వాసులు పరలోకానికి ఎత్తబడేటప్పుడు ఒకరు తీసుకోబడతారు, ఒకరు విడిచిపెట్టబడతారని. నన్ను వదిలేసి వెళ్ళిపోయారనుకున్నా. గంజి పొంగి పొయ్యి ఆరిపోతుంటే చూస్తూ నిలబడ్డా, దించాలని కూడా తోచలేదు. అమ్మ చెప్పుల్లేకుండా పక్కింటికి పంచదారకి పోయిందని తర్వాత తెలిసింది. ఇరవై దాటాక కూడా, ఫోన్ ఎవరూ ఎత్తకపోతే నాకు ఆ గంజి వాసనే వస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టుకోమంటారు?

ప్లేనో_పులిహోర

డాలస్ నుంచి. నేను పెరిగింది బాలవిహార్, గుడి క్యాంటీన్ మధ్య, కాబట్టి నాకు భయాలు తక్కువ, శ్లోకాల పోటీలు ఎక్కువ. కానీ ఇక్కడి స్టాండప్ బాగా చూస్తా.

జూలియా స్వీనీ అని స్పోకేన్ ఊరి క్యాథలిక్ ఇంటావిడ. విశ్వాసం ఎలా జారిపోయిందో గంటలకొద్దీ ఏకపాత్రగా చెప్పింది. ఆమె కథ మతప్రచారానికొచ్చిన ఇద్దరు మార్మన్ కుర్రాళ్ళు తలుపు కొట్టడంతో మొదలవుతుంది. ఆమె వాళ్ళని వెక్కిరించదు. వాళ్ళు చెప్పేది వింటూ, నా మతాన్ని కొత్తగా వింటే నాకూ ఇలాగే ఉంటుందా అని ఆలోచనలో పడుతుంది. చాంతాడుకి పనికొచ్చే ముక్క ఏంటంటే, దేవుణ్ణి నమ్మట్లేదంటే ఇంట్లోవాళ్ళు కాస్త చిన్నబుచ్చుకుని ఊరుకున్నారట. నాస్తికురాలన్న మాట బయటపడ్డాకే ఇల్లు దద్దరిల్లింది. అమ్మలకి నమ్మకం పోవడం కంటే నలుగురికీ తెలియడం కష్టం. అది స్పోకేన్ అయినా సత్తెనపల్లి అయినా.

జార్జ్ కార్లిన్ 1972 నాటి రికార్డులో తన క్యాథలిక్ బడి మీద చాలాసేపు మాట్లాడాడు. చిత్రం ఏంటంటే ఆ బడిని మెచ్చుకుంటాడు. ప్రశ్నలడగడం వాళ్ళే నేర్పారు, జవాబులు మాత్రం వాళ్ళ దగ్గర లేకపోయాయని. ఐర్లండ్ మనిషి డేవ్ ఆలెన్ బీబీసీలో ఎత్తు కుర్చీ వేసుకుని, చేతిలో గ్లాసుతో ఏళ్ళ తరబడి పాదిరీల మీద, పోపు మీద జోకులేశాడు. ప్రతి కార్యక్రమం చివరా "మీ దేవుడు మీకు తోడుండుగాక" అనే దిగేవాడు. అది వెటకారమో ఆశీర్వాదమో తేలదు. నాకు నచ్చేది అదే.

ఇక హానా గాడ్స్‌బీ, ఆస్ట్రేలియాకి చెందిన లెస్బియన్ కమెడియన్. టాస్మేనియాలో స్వలింగ సంపర్కం 1997 దాకా నేరం. బైబిల్ పట్టు గట్టిగా ఉన్న ఊళ్ళో పెరిగారు. 2018లో వచ్చిన షోలో నేను కామెడీ మానేస్తానని స్టేజి మీదే చెప్పారు. కారణం పనితనానిదే. జోకుకి రెండే భాగాలు, ఎత్తుగడ, దెబ్బ. కథకి మూడు, ముగింపు కూడా ఉంటుంది. జోకు కోసం తన కథని దెబ్బ దగ్గరే కోసేసి, అదే పదేపదే చెప్పడంతో తన మనసులో కూడా కథ అక్కడే గడ్డకట్టుకుపోయిందన్నారు. ఆవకాయగారి చాప మీద పిల్ల గురించి చదివితే అదే గుర్తొచ్చింది.

అటకమీద_ఆవకాయ

అవునండీ. సరిగ్గా అదే. అయితే నేను కామెడీ మాన్లేదు, ఆ బిట్ మానేశాను. ఇప్పుడు మా అత్తగారి మిక్సీ మీద చేస్తున్నాను, హాయిగా ఉంది.

టోలీచౌకీ_ఇరానీ

సలామ్. మీ అందరి బాధ వేరే, మాది వేరే భాయ్.

హైదరాబాద్‌లో మజాహియా ముషాయిరాలు (నవ్వించే ఉర్దూ కవి సమ్మేళనాలు) వింటూ పెరిగా. జిందా దిలాన్-ఎ-హైదరాబాద్ వాళ్ళవి 1960ల నుంచీ ఉన్నాయి. దక్కనీలో మౌల్వీ మీద, మామూ మీద, వలీమా దావత్‌లో బోటీ కోసం కొట్లాట మీద చదువుతుంటే ముందు వరుసలో గడ్డాలున్న పెద్దమనుషులే పగలబడి నవ్వేవాళ్ళు. ఉర్దూ గజల్‌లో అయితే నీతులు చెప్పే షేక్ సాబ్‌ని ఆడుకోని కవే లేడు. అంటే ఇంట్లో నవ్వడానికి మాకు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి.

బయటికొస్తే కథ మారుతుంది. 2021 జనవరి 1న స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారుఖీని ఇందోర్‌లో పట్టుకెళ్ళారు. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న బెయిలిచ్చేదాకా లోపలే. 2022 ఆగస్టులో ఇక్కడ శిల్పకళా వేదికలో ఆయన షో జరిగిన రోజు చూశారు కదా, జోకుల కంటే పోలీసులు ఎక్కువ. నేను నా మదరసా హాఫిజ్ సాబ్ మీద, ఆయన బెత్తం మీద పది నిమిషాలు చెప్పగలను. తెలుగులో చెప్తే "చూశారా, వాళ్ళవాడే చెప్తున్నాడు" అని పది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఉర్దూలో చెప్తే మా మామూ నవ్వి, "బేటా, ఆయనకి నువ్వే కదా టిఫిన్ తీసుకెళ్ళేవాడివి" అంటాడు. ఒకే జోకు. అందుకని హాఫిజ్ సాబ్ ఉర్దూలోనే ఉన్నారు. తెలుగులో నేను జీహెచ్ఎంసీ మీద చేస్తా.

రూల్సు_రంగయ్య (మోడరేటర్)

రెండు కామెంట్లు తీసేశాం. ఎవరి దేవుడు గొప్ప అనే చర్చకి వేరే చోటు చూసుకోండి. ఇంకెవరైనా మతం మార్పిడుల మీద మొదలుపెడితే తాళం వేస్తాం.

సైకాలజీ_సగంలో_ఆపా

ఎందుకు కొందరు నవ్వి కొందరు నవ్వరో దాని మీద ఒక పరిశోధన ఉంది. మెక్‌గ్రా, వారెన్ అని ఇద్దరు, 2010లో. వాళ్ళు చెప్పేదేంటంటే, ఏదో ఒక హద్దు దాటినట్టు ఉండాలి, అదే సమయంలో ఏం పర్లేదు అనీ అనిపించాలి. రెండూ ఒకేసారి కుదిరితే నవ్వు. వాళ్ళు జనానికి చెప్పిన కథల్లో ఒకటి చర్చిదే. కొత్త సభ్యుల కోసం ఒక చర్చి లాటరీ పెట్టి హమ్మర్ కారు ఇస్తుంది. ఇది చర్చి చేయాల్సిన పనేనా అంటే చర్చికి వెళ్ళేవాళ్ళూ వెళ్ళనివాళ్ళూ కాదనే అన్నారు. నవ్వొచ్చింది మాత్రం ఎక్కువగా వెళ్ళనివాళ్ళకి. వెళ్ళేవాళ్ళకి "ఏం పర్లేదు" అనిపించలేదు, వాళ్ళ ఇల్లు కదా మరి.

చాంతాడు పరిస్థితి వింతగా ఉంది. ఆయన సగం లోపల, సగం బయట. గంజి పొంగడం ఆయనకి ఇంకా "ఏం పర్లేదు" అవ్వలేదు. జామకాయలు అయ్యాయి. అయినవాటిని చెప్పండి, కానివాటిని పక్కన పెట్టండి. స్టేజి మీదికెక్కి చెప్తే అది కూడా అవుతుందన్న గ్యారంటీ లేదు. వినేవాళ్ళు టికెట్ కొనుక్కుని వచ్చారు, మీ లోపల ఏం జరుగుతోందో కనిపెట్టుకుని కూర్చునే పని వాళ్ళది కాదు. దానికి వేరే మనుషులుంటారు, వాళ్ళకీ ఫీజు ఉంటుంది.

లైటు_పడింది_దిగు

సగమైనా బాగానే చదివారు. కానీ ఒక్కటి ఒప్పుకోను. కొన్ని బిట్లు చెప్తూ ఉంటేనే మెత్తబడతాయి. అందుకే ఓపెన్ మైకు ఉన్నది. పెద్ద షోలో పెట్టొద్దు, ఇరవైమంది తోటి కామిక్కులు పకోడీ తింటూ కూర్చున్న సోమవారం రాత్రి పెట్టు.

చాంతాడు, ఆ గంజి కథలో జోకు ఎక్కడో ఉంది. నువ్వు నిలబడ్డ చోట లేదు. అక్కణ్ణుంచి నువ్వు ఎక్కడికి పరిగెత్తావు?

కొండవీటి_చాంతాడు

పాస్టరమ్మగారింటికి!! ఆవిడ ఉందో లేదో చూద్దామని.

ఉంది. పెరట్లో పీటేసుకుని ఉప్పుచేపలు కడుగుతోంది.

లైటు_పడింది_దిగు

ఉప్పుచేపలు. ఇంకేం కావాలి నీకు. రాసి సోమవారం రా.

అప్రస్తుత_ప్రసంగి

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత 295-ఎ సెక్షన్ 1927లో బ్రిటిష్‌వాళ్ళు పెట్టింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. మూడేళ్ళ దాకా శిక్ష. ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో మతాన్ని అవమానిస్తేనే వర్తిస్తుందని రాసి ఉంది. కానీ ఉద్దేశం ఏంటో తేలేలోపు స్టేషన్ చుట్టూ తిరగాల్సింది నువ్వే. రిటైరైన గుమాస్తాగా చెప్తున్నా, రాసుకున్న స్క్రిప్టు, పూర్తి రికార్డింగు తేదీతో సహా దాచుకో. కత్తిరించిన ముక్క బయటికొస్తే పూర్తిది చూపించడానికి ఉంటుంది.

దైవజనుడి_కొడుకు

పెద్దాయన సలహా బాగుంది.

చాంతాడుగారూ, మీరు సర్టిఫికెట్ బిట్ దాచుకున్నారని చదివాక నాకు మీ మీద ఉన్న అనుమానం చాలామటుకు పోయింది. రాకడ గురించి పిల్లల్ని భయపెట్టే ప్రసంగాల మీద నాకూ కోపమే. మా నాన్నగారితో దాని గురించి వాదించాను. ఆయన ఇప్పుడు సండే స్కూల్లో ఆ భాగం చెప్పడం లేదు, పెద్దల కూడికలో మాత్రం మానలేదు. మైకు అవసరం లేకుండా కూడా కొన్ని పనులవుతాయని చెప్పడానికి రాశాను, అంతే.

కొండవీటి_చాంతాడు

అప్‌డేట్. చేశా.

యాస మొత్తం తీసేశా. మొదటి నిమిషం చచ్చినంత నిశ్శబ్దం, లైటుగారు చెప్పినట్టే ఆ ముందొచ్చే నవ్వు పోయింది. గంజి దాకా ఎవరూ నవ్వలేదు. తర్వాత ఇలా వెళ్ళా:

"రాకడ వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఒక్కటే దారి. ఊళ్ళో అందరికంటే పరిశుద్ధురాలు ఎవరో వాళ్ళ ఇంటికెళ్ళి చూడాలి. పాస్టరమ్మగారింటికి పరిగెత్తా. ఆవిడ పెరట్లో ఉప్పుచేపలు కడుగుతోంది. హమ్మయ్య, రాకడ రాలేదు. సగం దూరం వెనక్కొచ్చాక ఆలోచన వచ్చింది... లేక వచ్చి, ఆవిణ్ణి కూడా వదిలేశారా? ఆ రోజు నుంచి పాస్టరమ్మగారి మీద నాకు అనుమానమే. ఆవిడ ప్రసాదించిన బిస్కెట్టు తినేవాణ్ణి కాదు."

పరిశుద్ధురాలి దగ్గర చిన్న నవ్వు, అనుమానం దగ్గర పెద్దది. దిగాక చేతులు వణికాయి గానీ బాగుంది.

ఇంకోటి. అమ్మ చూసింది. రీల్. పిన్నే చూపించిందట. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసింది. పావుగంట పొలం గురించి, నాన్న మోకాలి గురించి. చివర్లో ఇలా అంది: "ఆ జామకాయలు నీకు తొమ్మిదేళ్ళప్పుడు కాదు, పదకొండు. అవి జామకాయలు కావు, సీతాఫలాలు. సాక్ష్యం చెప్తే నిజం చెప్పాలి."

నేను నవ్వా. ఆమె నవ్వలేదు. "ప్రార్థన చేసుకుంటున్నావా" అంది. అప్పుడప్పుడు అన్నా. నిజమే, కరెంటు పోయినప్పుడు. ఆమె ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. కోపమో కాదో తెలీదు. పండక్కి వెళ్తే తెలుస్తుంది.

కమాన్‌కాడ_కలుద్దాం

అన్నా మీ అమ్మ నీకంటె మంచి కామిక్కు.

లైటు_పడింది_దిగు

బిస్కెట్టు లైను కొట్టెయ్. "అనుమానమే" దగ్గర ఆపు. పైగా పాస్టరమ్మగారు ప్రసాదించరు, పెడతారు. పదం మార్చినా సరే, లైను మాత్రం అక్కర్లేదు. నవ్వు వచ్చాక ఇంకో మెట్టు ఎక్కబోయి జారడం నీకు అలవాటు, రీల్‌లో కూడా చూశా.

సీతాఫలాల ఫోను మాత్రం సెట్‌లోకి రావాలి. అదే నీ ముగింపు.

అటకమీద_ఆవకాయ

ఇప్పుడే వద్దండీ. పండక్కి వెళ్ళి రానివ్వండి. ఆ ఫోను ఇంకా పూర్తి కాలేదు.

ప్లేనో_పులిహోర

ఆవకాయగారికే నా ఓటు.

దైవజనుడి_కొడుకు

వాడుకుంటే వాడుకోండి గానీ, జోకు మీ అమ్మగారిది. వచ్చినదాంట్లో దశమభాగం పంపించండి.

కొండవీటి_చాంతాడు

అన్నా, ఓపెన్ మైకులో ఇచ్చేది ఒక టీ కూపన్. పదో వంతు ఎలా పంపాలో మీరే చెప్పాలి.

టోలీచౌకీ_ఇరానీ

సోమవారం లిస్టులో ఖాళీ ఉందా? హాఫిజ్ సాబ్‌ని ఉర్దూలో తెస్తా. కెమెరా లేకుండా.

లైటు_పడింది_దిగు

నాలుగో స్లాటు. ఐదు నిమిషాలు. ఫోన్లు గుమ్మం దగ్గర డబ్బాలో వేయిస్తా.